మిస్టర్ కొట్టని గోలు

దుబాయిలో నేను రాసినంత కల్పిత సాహిత్యం మన భాషవాళ్ళలో ఇంకెవరూ రాసి ఉండరు. రాసింది ఇంగ్లీషులో కాబట్టి ఏ సన్మానానికీ నోచుకోలేదు గానీ, చదివినవాళ్ళు మాత్రం నమ్మి ఉద్యోగాలిచ్చారు. ఎంతమంది రచయితలకు దక్కింది ఆ భాగ్యం?

డెబ్బైల చివరి మాట. బర్ దుబాయ్‌లో ఒక బట్టల కొట్టు పైగదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. శుక్రవారం పొద్దున లేచి తలుపు తీస్తే మెట్ల మీద మనుషులు వరసగా కూర్చుని ఉండేవాళ్ళు, జేబులో పాస్‌పోర్టు సైజు ఫోటో పెట్టుకుని. అందరికీ కావలసింది బయోడేటా. ఒకడికి కంపెనీ మారాలి, ఒకడికి ఊళ్ళో ఉన్న బామ్మర్దిని పిలిపించుకోవాలి, ఒకడికి కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, పడటం లేదు. నేను ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసులో టైపిస్టుని. క్లబ్బులో మూలపడ్డ టైపు మిషను ఒకటి అడిగి గదికి తెచ్చుకున్నాను. దాని మీదే నా సాహిత్య సేవ సాగింది. ఎవరైనా మటన్ తెచ్చి వండిపెడితే కాదనేవాణ్ణి కాదు.

నా రచనా పద్ధతి గురించి కాస్త చెప్పుకోవాలి. ఊళ్ళో రెండు బావులు తవ్విన మనిషి నా మిషన్లోంచి బయటికొచ్చేసరికి పునాది పనుల్లో పండిపోయిన ఫోర్‌మన్ అయ్యేవాడు. ఖాళీ సంవత్సరం అంటే నాకు గిట్టదు. కామెర్లొచ్చి ఏడాది మంచం పట్టినవాడికి ఆ ఏడాది బొంబాయిలో ఉద్యోగం వేయించేవాణ్ణి. ఇక అన్నిటికంటే ముఖ్యం 'కమ్'. ఒక్క పని వచ్చినవాణ్ణి గల్ఫులో ఎవడూ ఖాతరు చెయ్యడు గనక మేసన్-కమ్-టైల్ ఫిట్టర్-కమ్-ప్లంబర్ అని కొట్టేవాణ్ణి. డ్రైవరయితే డ్రైవర్-కమ్-కుక్. వంట రాకపోతే అది తిన్నవాళ్ళ కర్మ.

మా గదిలోనే ఉండే మేస్త్రీ ఒకాయనది జగిత్యాల వైపు పల్లె. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఇటుక మీద ఇటుక పెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు గానీ, టైలు అనే వస్తువుని దుబాయి వచ్చేదాకా కళ్ళతో చూడలేదు. నా బయోడేటా చలవతో కొత్త కంపెనీలో చేరిన మొదటి రోజే ఇంజనీరు ఆయన్ని బాత్‌రూముల్లోకి తోలాడు. మూడు గోడలు పాడుచేసి నాలుగో గోడకి పని నేర్చుకున్నాడు. ఆ సాయంత్రం వచ్చి నా మంచం మీద కూలబడి, "అవద్దం నువ్వు రాస్తివి. దాన్ని నిజం జేసేటాల్లకు నా నడుము ఇరిగె గదరా తమ్మీ" అన్నాడు. నేను దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

నా సొంత బయోడేటా కూడా ఈ చేతి చలవే. తాలూకా కోర్టు బయట రేకుల కింద స్టూలు వేసుకుని రెండేళ్ళు అర్జీలు కొట్టినవాణ్ణి, కాగితం మీద ఒక పెద్ద లాయర్ల ఆఫీసులో పదేళ్ళు పనిచేశాను. క్లబ్బువాళ్ళు నమ్మారు. వాళ్ళని చూసి నేనూ మెల్లగా నమ్మడం మొదలుపెట్టాను.

ఆ క్లబ్బుకి కోచ్‌గా స్పెయిన్ నుంచి ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. పొడుగ్గా ఉండి కొంచెం ముందుకి వంగేవాడు, కుడి మోకాలు సరిగ్గా మడత పడేది కాదు, జుట్టు నీళ్ళతో తడిపి వెనక్కి దువ్వేవాడు. నుదుటి మీద అడ్డంగా ఒక పాత మచ్చ. మొదటి రోజు రిజిస్టరు తీసి పేరు ఏమని రాయాలి సార్ అని అడిగితే, "మిస్టర్" అన్నాడు. మిస్టర్ ఏమిటి అన్నాను. ఏమీ లేదు, ఉత్త మిస్టర్ అన్నాడు. వాళ్ళ దేశంలో ఆటగాళ్ళు కోచ్‌ని అలాగే పిలుస్తారట. పాస్‌పోర్టు చూసి అసలు పేరు రిజిస్టర్లో ఎక్కించుకున్నానుగానీ, ఆ తర్వాత ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. జెర్సీలూ బూట్లూ చూసుకునే నెల్లూరు భాయ్ మాత్రం నన్ను పక్కకి లాగి, "ఏందన్నా ఇది, పేరు లేని మనిషికి వీసా ఎట్టా కొట్టినారు?" అని బెంగపడ్డాడు.

నాకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఒక్కటే, బంతి ఉంటుంది. మా వైపు కబడ్డీ ఆడతారు, దానికి బంతి అక్కర్లేదు. అయినా ఆఫీసు కిటికీ గ్రౌండు వైపే కాబట్టి రోజూ చూసేవాణ్ణి. గ్రౌండంటే పచ్చిక కాదు, ఇసకే. సాయంత్రం ట్యాంకరొచ్చి నీళ్ళు చల్లితే గట్టిపడేది. మిస్టర్ ఆటగాళ్ళని ముందు బంతి లేకుండా పరిగెత్తించేవాడు. తర్వాత గోల్‌కీపర్ని పక్కన కూర్చోబెట్టి, ఖాళీ గోలులోకి బంతి కొట్టమనేవాడు. గంటసేపు అదే. ఎదురుగా ఎవడూ లేడు, ఆపేవాడూ లేడు, కొట్టడమే. ఆ కుర్రాళ్ళు అవమానంగా ముఖాలు పెట్టేవాళ్ళు. ఒకరోజు ఒకడు విసుక్కుంటే, "ఖాళీ గోలే కష్టం" అన్నాడు మిస్టర్. ముసలాయనకి మతి చలించిందని భాయ్, నేను ఏకగ్రీవంగా తీర్మానించాం.

రెండు సీజన్లు గడిచాయి. మా జట్టు మరీ గెలవలేదు, మరీ ఓడలేదు. ఈలోగా గల్ఫులో బ్రెజిల్ గాలి మొదలైంది. పక్క క్లబ్బులకి బ్రెజిల్ నుంచి కోచ్‌లు దిగుతున్నారు, వాళ్ళ వెనక డప్పులూ దిగుతున్నాయి. మా కమిటీ పెద్దలకి నిద్ర పట్టడం మానేసింది. మన స్పెయిన్‌వాణ్ణి ఉంచాలా, పంపాలా అన్న ప్రశ్న వచ్చింది. ప్రెసిడెంటుగారు సబబైన మనిషే. ఈ కోచ్ ఆటగాడిగా ఉన్నప్పుడు ఏం చేశాడో ఒక్క పేజీలో రాసి తెండి, చూసి తేలుద్దాం అన్నారట. ఆ పేజీ రాసే పని ముదీర్ నాకు అప్పగించాడు. ముదీర్ అంటే క్లబ్బు మేనేజరు, ఈజిప్టు దేశస్థుడు. మిస్టర్‌ని పిలిపించింది ఆయనే. "ఇంగ్లీషులో బాగా రాయి. నీ చేతిలో పనితనముంది" అన్నాడు. నా చేతిలో ఎలాంటి పనితనముందో పాపం ఆయనకి తెలియదు.

మూడు రోజులు పొద్దుటిపూట మిస్టర్ నా బల్ల ముందు కూర్చున్నాడు. పాత జెర్సీలో చుట్టిన ఆల్బం ఒకటి తెచ్చాడు. ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ కుంటివే, కాకపోతే వేర్వేరు కాళ్ళు, కాబట్టి నడిచింది. "రాయి, సెక్రటరీ" అనేవాడు. నన్ను సెక్రటరీ అని పిలిచిన మొదటి మనిషీ, చివరి మనిషీ ఆయనే.

బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాడట. గని కంపెనీకి ఒక జట్టు ఉండేది. అందులో గోలు కొట్టినవాడికి ఒక బస్తా బొగ్గు ఇచ్చేవాళ్ళు. ఆ చలికి ఆ బస్తా చిన్న విషయం కాదు. "మా వీధిలో మూడిళ్ళు నా కాళ్ళతో వెచ్చగా ఉండేవి" అన్నాడు. అక్కణ్ణుంచి సముద్రం పక్క ఊరి పెద్ద క్లబ్బు తీసుకుపోయింది. సెంటర్ ఫార్వర్డ్, అంటే అందరికంటే ముందు నిలబడి గోలు కొట్టేవాడు. నాలుగేళ్ళు బాగా కొట్టాడు. ఆ ఊళ్ళో ఎప్పుడూ వానేనట. అప్పటి బంతులు తోలువి, లేసులతో కుట్టినవి. తడిస్తే రాయి అయిపోయేవి. తలతో కొడితే లేసు నుదురు కోసేది. మచ్చ అక్కడిదే. జనం ఆయన మీద పాట కట్టారు. ఒక తలనూనె సీసా మీద ఆయన బొమ్మ వేశారు. ఆ సీసా లేబులు కూడా ఆల్బంలో అతికించి ఉంది. నేను ఉత్సాహంగా కొట్టుకుంటూ పోతున్నాను. ఇంత సరుకున్న బయోడేటా నా జన్మలో చేతికి రాలేదు.

తర్వాత పేజీ తిప్పాడు. పేపర్లోంచి కత్తిరించిన పెద్ద ఫోటో. గోలు ముందు గోల్‌కీపరు నేల మీద బోర్లా పడి ఉన్నాడు. మిస్టర్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. బంతి గోలు పైన, ఆకాశంలో.

"రాయి. దేశం తరఫున ఒక్క మ్యాచ్. చివరి నిమిషాలు. ఖాళీ గోలు. కొట్టలేకపోయాను" అన్నాడు.

అది వేరే దేశంతో పెద్ద మ్యాచట. గెలిస్తే పెద్ద టోర్నమెంటుకి వెళ్ళాలి, వెళ్ళలేదు. ఆ మరుసటి వారం వాళ్ళ అమ్మకి మాంసం కొట్టువాడు మాంసం ఇవ్వనన్నాడట. అప్పటికే రాజధాని క్లబ్బు ఒకటి ఆయన్ని తీసుకుంటానని మాటిచ్చింది. మాట తప్పలేదు, తీసుకుంది. తీసుకుని గ్యాలరీలో కూర్చోబెట్టింది. ఆ రోజుల్లో ఆట మొదలయ్యాక మనిషిని మార్చే రూలు లేదు. ఆ జట్టు సెంటర్ ఫార్వర్డ్ పెద్ద స్టారు. ఆయనకి ఏమన్నా అయితేనే మిస్టర్‌కి ఆట. "మూడేళ్ళు ఆయనకి జ్వరం రావాలని మొక్కుకున్నాను. ఒక్క తుమ్ము కూడా రాలేదు" అన్నాడు. మూడేళ్ళు మంచి కోటు వేసుకుని ఆట చూశాడు. తర్వాత చిన్న క్లబ్బులు, ఇంకా చిన్న క్లబ్బులు, మోకాలు. ఆపైన మొరాకోలో కోచ్ ఉద్యోగం, ఆపైన మా ఇసక గ్రౌండు.

ఇవన్నీ ఆయన చెప్పే తీరు చూస్తే ఉద్యోగం కోసం వచ్చినట్టు లేదు, ఠాణాలో నేరం ఒప్పుకుంటున్నట్టుంది. ఉండబట్టలేక అడిగాను. "మిస్టర్, ఇక్కడ పొడిగించకపోతే ఎక్కడికి వెళ్తారు?"

తమ్ముడికి వాళ్ళ ఊళ్ళో బార్ ఉందట. కౌంటర్ వెనక నిలబడమంటున్నాడట. "కానీ ఆ బార్లో గోడకి ఈ ఫోటోనే పెద్దది చేసి తగిలించాడు. జనం దాన్ని చూడ్డానికి వస్తారు. నేను దాని కింద నిలబడి గ్లాసులు కడగాలి. ఇంకొక్క రెండేళ్ళు ఇక్కడ ఉంటే, పనిచేసిన కోచ్‌గా వెళ్తాను. అప్పుడు ఫోటో తీసెయ్ అని అడగగలను" అన్నాడు.

అది విన్నాక నాలోని సాహిత్యకారుడు ఊరుకోలేదు. ఈ మనిషిని ఆ ఫోటో కిందికి పోనివ్వకూడదు అనుకున్నాను. జాలి నిజమైనదే, అందులో అనుమానం లేదు. నా దగ్గర ఉన్న మందు ఒక్కటే, అది మేస్త్రీ దగ్గర్నుంచి మొదలుపెట్టి వందల మందికి పనిచేసింది. అదే వాడాను. నాలుగో రోజు పేజీ చదివి వినిపించాను.

"సెంటర్ ఫార్వర్డ్-కమ్-గోల్‌కీపర్-కమ్-బ్యాక్" అని మొదలుపెట్టేసరికే మిస్టర్ నవ్వడం మొదలుపెట్టాడు. గోల్‌కీపర్ ఎందుకని అడిగాడు. ఒక్క పని అంటే కమిటీ మెచ్చదు అన్నాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. గ్యాలరీలో కూర్చున్న మూడేళ్ళ దగ్గర ఖాళీ వదలడం ఇష్టం లేక "ప్రధాన స్ట్రైకర్‌కి సహాయకుడు" అని రాశాను. బల్ల మీద చరుస్తూ నవ్వాడు. అసలు ఆయన్ని అంతలా నవ్వగా అదే చూడటం. నాకూ హుషారెక్కి గొంతు పెంచి తర్వాతి లైను చదివాను. "దేశం తరఫున ఆడి, చివరి నిమిషాల్లో గోలు చేశారు."

నవ్వు టక్కున ఆగింది.

"అది నేను కొట్టలేదు" అన్నాడు.

"తెలుసు మిస్టర్. ఇక్కడ ఎవరు చూశారు?"

"నేను చూశాను."

ఆల్బం మూసి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. మిగతావన్నీ, ఆ గోల్‌కీపర్‌తో సహా, నువ్వు రాసుకో, నేను నవ్వుతాను, వాళ్ళూ నవ్వుతారు అన్నాడు. కానీ అది పాతికేళ్ళుగా తను మోస్తున్నది. దానివల్ల తన అమ్మకి మాంసం లేదు. దాని తర్వాత కూడా పొద్దున లేచి బూట్లు కట్టుకుని పదేళ్ళు ఆడాడు. "గోల్స్ కొట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు సెక్రటరీ. అది పోగొట్టుకుని మళ్ళీ గ్రౌండులోకి వెళ్ళింది నేను. నా దగ్గర ఉన్నది అదే. దాన్ని నువ్వు ఒక్క వేలితో కొట్టేస్తావా?" అన్నాడు.

కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, నాకు అలవాటే. నాకు సిగ్గేసింది, కానీ సిగ్గు ఎక్కువసేపు నిలిచే రకం మనిషిని కాదు. ఆయన ముందే రెండో పేజీ కొట్టాను. కమ్‌లు లేవు, సహాయకుడు లేడు, మూడేళ్ళు ఖాళీ, దేశం తరఫున ఒక మ్యాచ్, ఖాళీ గోలు, కొట్టలేదు. ఆయన ప్రతి లైనూ వేలితో తడుముకుంటూ చదివి, "ఇది ఇవ్వు" అని చెప్పి ప్రాక్టీసుకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నా దగ్గర రెండు పేజీలున్నాయి. సాయంత్రం అబ్రా పడవెక్కి క్రీక్ దాటి గదికొచ్చి, అన్నం తింటూ మేస్త్రీకి సంగతంతా చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆయినె వద్దన్నంక నీకేంది రా దూల? గోడ వంకరొస్తే వంకరొచ్చిందనే జెప్త నేను. కట్టినోనికి ఎరుకుంటది గద" అన్నాడు.

నా అబద్ధంతో టైల్ ఫిట్టరైన మనిషి నాకు నిజం గురించి నీతులు చెప్పడం! ఆ మాటే అనేశాను.

"అందుకే జెప్తున్న. నేను నేర్సుకున్న గనుక నీ అవద్దం బతికింది. ఆయినె ఆ గోలు మల్ల కొట్టొస్తడా?" అన్నాడు మేస్త్రీ.

ఆ మాట చెవికి ఎక్కించుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. నేను ఎక్కించుకోలేదు. నిజం రాసుకుని గల్ఫులో ఉద్యోగం నిలబెట్టుకున్న ఒక్క మనిషిని నేను చూడలేదు. మిస్టర్‌కి ఆట తెలుసు, లోకం తెలియదు. నాకు ఆట తెలియదు, లోకం తెలుసు. అలా అనుకుని పొద్దున్నే మొదటి పేజీని కొద్దిగా సవరించి మళ్ళీ కొట్టాను. గోల్‌కీపర్నీ బ్యాక్‌నీ తీసేశాను, మిస్టర్ నవ్వు గుర్తొచ్చి. సహాయకుడు ఉన్నాడు. గోలు ఉంది. కాగితం మీద క్లబ్బు ముద్ర గుద్ది ఫైల్లో పెట్టి ముదీర్ బల్ల మీద ఉంచాను. ఆయన ఫోన్లో ఉండి తలూపాడు. నిజం పేజీ, దాని కార్బన్ కాపీ నా సొరుగులో ఉన్నాయి. ఆయన్ని బతికించాక, ఎప్పుడో నవ్వుతూ చెప్పుకోవచ్చులే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక కమిటీ కూర్చుంది. తివాచీ గది, గోడల వెంట దిండ్లు, చిన్న గిన్నెల్లో కాఫీ. ఏం జరిగిందో రాసుకుని తర్వాత టైపు చేసే పని నాది కాబట్టి గుమ్మం దగ్గర నోటుపుస్తకంతో కూర్చున్నాను. బ్రెజిల్ వర్గం ఒకపక్క, ముదీర్ ఒక్కడూ ఒకపక్క. ప్రెసిడెంటుగారు చదవమన్నట్టు చేత్తో సైగ చేశారు. ముదీర్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క లైనూ ఇంగ్లీషులో చదివి, అరబ్బీలో చెప్పడం మొదలుపెట్టాడు. బొగ్గు బస్తా దగ్గర అందరూ తలలూపారు. తలనూనె సీసా దగ్గర నవ్వారు. ప్రెసిడెంటుగారి ముఖం విచ్చుకుంది. నా గుండె పొంగింది. నా రచన ఇంత పెద్ద సభలో చదవడం అదే మొదటిసారి.

దేశం తరఫున మ్యాచ్ దగ్గరికొచ్చేసరికి ముదీర్ ఆగాడు. కాగితాన్ని దగ్గరికి తెచ్చుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

తర్వాత ఆయన చెప్పింది అరబ్బీలో. అప్పటికి నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగం ఆ గదిలో కాఫీ పోస్తున్న క్లబ్బు డ్రైవరు తర్వాత చెప్పాడు. ముదీర్ కైరోలో చదువుకునే రోజుల్లో సినిమాకి ముందు వార్తల రీలు వేసేవాళ్ళట. అందులో ఆ మ్యాచ్ వచ్చింది. ఖాళీ గోలు, బంతి ఆకాశంలోకి. ముక్కూ ముఖం తెలియని ఆ మనిషి కోసం హాలంతా అయ్యో అందట. అది చూడటానికే ఆయన అదే సినిమాకి మూడుసార్లు వెళ్ళాడట. తర్వాత ఆ మనిషి ఆట మానకుండా ఏళ్ళ తరబడి చిన్న చిన్న ఊళ్ళలో ఆడాడని పత్రికల్లో చదివాడు. "ఒక్క మ్యాచ్ ఓడితే మన కుర్రాళ్ళు ఏడుస్తూ కూర్చుంటారు. అది పోగొట్టుకుని మళ్ళీ లేచినవాడు కావాలనే వెతికి తెచ్చాను. ఆయన్ని అడిగి బాధపెట్టడం ఇష్టం లేక ఈ రెండేళ్ళూ నోరు మెదపలేదు" అన్నాడు.

నేను నోటుపుస్తకంలో తేదీ కింద రెండోసారి గీత గీశాను.

"ఇప్పుడు గోలు కొట్టానని రాసిచ్చాడు" అని కాగితం తివాచీ మీద పెట్టాడు ముదీర్. ఆ గదిలో మిస్టర్‌కి ఉన్న ఒక్క మనిషీ ఆయనే. ఆ ఒక్కడూ అటు తిరిగిపోయాడు. మిగిలినవాళ్ళు ఏమీ అనాల్సిన పని లేకపోయింది.

అప్పుడు ముదీర్ గుమ్మం వైపు చూశాడు. నన్నే. ఇంగ్లీషులో అడిగాడు. "ఇది ఆయన చెప్పిందేనా? ఆయన చెబితేనే నువ్వు కొట్టావా?"

ఆ ప్రశ్న అడిగిన గొంతులో కోపం లేదు, ఆశ ఉంది. కాదని ఎవరైనా చెబితే బాగుండునని ఆయన చూస్తున్నాడు. కాదు సార్, నేనే రాశాను, ఆయన వద్దన్నాడు, నిజం కాగితం సొరుగులో ఉంది. ఇంతే చెప్పాలి. ఎదురుగా ఎవడూ లేడు, ఆపేవాడూ లేడు, దారి ఖాళీ. కానీ ఆ మాట తర్వాత వచ్చే మాట నాకు వినిపించింది. కోచ్ గురించి అబద్ధం రాసినవాడు తన గురించి ఏం రాశాడో తియ్యండి ఫైలు అంటారు. పదేళ్ళు పనిచేసిన లాయర్ల ఆఫీసు, రేకుల కింద స్టూలు, ఎగ్జిట్ వీసా.

"అవును సార్. ఆయన చెప్పాడు, నేను కొట్టాను" అన్నాను.

ముదీర్ తలూపాడు. ప్రెసిడెంటుగారు "ఖలాస్" అన్నారు, విచారంగానే. తర్వాతి విషయానికి వెళ్ళారు. తర్వాతి విషయం ఆఫీసు సిబ్బంది పొడిగింపు. అందులో నా పేరు ఉంది. ఒక్క అభ్యంతరమైనా లేకుండా పొడిగించారు. పని బాగుందని కూడా ఎవరో అన్నారు.

సాయంత్రం కూర్చుని ఆ మీటింగు రిపోర్టు నేనే టైపు చేశాను. కోచ్‌గారి సేవలకి క్లబ్బు కృతజ్ఞతలు తెలుపుతోంది, వారి భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటోంది. మంచి ఇంగ్లీషు. ఒక్క తప్పు లేదు. గదికి వెళ్ళి అన్నం వద్దన్నాను. మేస్త్రీ నా ముఖం చూసి గిన్నె మీద మూత పెట్టాడు. ఏమైందని అడిగి ఉంటే తిట్టి ఉండేవాణ్ణి. నా మీద నాకే అంత రోత పుట్టింది.

మర్నాడు పొద్దున మిస్టర్ ఆఫీసుకొచ్చాడు. ముదీర్ లేడు, కావాలనే రాలేదేమో. పొడిగించడం లేదన్న ఉత్తరం నేనే ఇచ్చాను. నిలబడే చదువుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కిటికీలోంచి గ్రౌండు వైపు చూశాడు. అక్కడ భాయ్ ఇసకలో గుంతలు పూడుస్తున్నాడు.

"సెక్రటరీ, ఏ కాగితం ఇచ్చావు?" అన్నాడు.

"మీరు ఇవ్వమన్నదే మిస్టర్" అన్నాను.

"నిజంగా?"

"నిజంగా."

ఆయన ముఖంలో ఏదో సర్దుకుంది. నేను అనుకున్నది బాధ. కాదు. ఊరటలాంటిది. "అయితే సరే. వాళ్ళకి తెలిసే పంపుతున్నారు. అది న్యాయం. నువ్వు ఆ మొదటిది, గోలు ఉన్నది, ఇచ్చి ఉంటే, నేను ఉండిపోయేవాణ్ణేమో. రోజూ ఆ ఖాళీ గోలు ముందు నిలబడి ఆ కుర్రాళ్ళకి ఏ ముఖంతో చెప్పేవాణ్ణి?" అన్నాడు. తర్వాత, కొంచెం మొహమాటపడుతూ, ఆ కాగితం కాపీ ఒకటి ఇస్తావా అని అడిగాడు.

సొరుగు తీశాను. కార్బన్ కాపీ కాదు, అసలు పేజీయే తీసి, దాని మీద క్లబ్బు ముద్ర లేదని గుర్తొచ్చి, ఆయన చూస్తుండగానే ముద్ర గుద్ది ఇచ్చాను. ఆయన దాన్ని ఆల్బంలో, ఆ ఫోటో ఉన్న పేజీలో పెట్టుకున్నాడు. "తమ్ముడికి చూపిస్తాను. ఒక పెద్ద సభ దీన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది, ఎవరూ నవ్వలేదు అని చెప్తాను. ఎవరూ నవ్వలేదు కదా?"

"ఎవరూ నవ్వలేదు" అన్నాను.

ఆయన లేచి నా రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పాడు. తన గురించి అబద్ధం ఆడకుండా రాసిన మొదటి మనిషివి నువ్వే అన్నాడు. ఆ చేతులు చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. చెప్పడానికి నాకు కావలసినంత టైముంది. ఆయన కోసం వచ్చిన కారు బయట హారన్ కొట్టేదాకా ఉంది. నేను చెప్పలేదు.

ఆ తర్వాత ఆ క్లబ్బులో ఇంకా తొమ్మిదేళ్ళు చేశాను. బయోడేటాలు కూడా రాశాను.